మెమరీ కార్డులో మలుపులు

బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకు చెరువుగట్టు మీది నాలుగో బెంచీ కింద తల దూర్చి చూస్తున్న డిటెక్టివ్, లేచి మోకాళ్లకంటిన మట్టి దులుపుకుని, ఇన్‌స్పెక్టర్‌ని ఒకే ప్రశ్న అడిగాడు. సోమవారం వాన ఎప్పుడు పడింది?

సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా అని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. చెబుతూనే నీళ్లవైపు తిరిగాడు. పడవలో ఇద్దరు మనుషులు తాడుకు కట్టిన కొక్కేలతో చెరువు అడుగు వెతుకుతున్నారు. నిన్నటి నుంచి వాళ్లకు దొరికినవి ఒక సైకిల్ చక్రం, ఒక చెప్పు. ఆ చెప్పు మాస్టారిది కాదు.

కనిపించకుండా పోయిన మనిషి రిటైరైన భూగోళం మాస్టారు. అరవై ఏడేళ్లు. తెల్లవారగానే కెమెరా మెడలో వేసుకుని పక్షుల్ని ఫోటో తీయడానికి చెరువుకు వస్తారు కాబట్టి వీధి వీధంతా ఆయన్ని పక్షుల మాస్టారనే పిలుస్తుంది. సోమవారం ఉదయం ఆరుకి పది నిమిషాల ముందు ఇంట్లోంచి బయలుదేరారు. తిరిగి రాలేదు. మంగళవారం ఉదయం ఆరింటికి ఆయన కెమెరా సంచి ఈ బెంచీ కింద దొరికింది. ఫోటో కోసం ముందుకు వంగి కాలు జారి నీళ్లలో పడ్డారని ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. మాస్టారి అక్కయ్య మాత్రం ఒప్పుకోలేదు. ఆమే డిటెక్టివ్‌ని పిలిపించింది.

"సంచి దొరికినప్పుడు తడిగా ఉందా?" అన్నాడు డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ తల అడ్డంగా ఊపాడు. "లేదు."

"గుడ్డ సంచి. ఈ బెంచీ చెక్కల మధ్య వేలు పట్టేంత సందుంది. రెండున్నర గంటల వానలో ఇక్కడే ఉండుంటే పిండితే నీళ్లు కారాలి."

 డిటెక్టివ్ గేటు దగ్గరున్న కాపలాదారుని పిలిచాడు. సంచిని మొదట చూసింది అతనే. సోమవారం వాన వెలిశాక ఏం చేశావని అడిగితే, బెంచీల కింద చేరిన ఆకులు ఊడ్చి, ఏడింటికి గేటు మూశానన్నాడు. నాలుగో బెంచీ కింద కూడా ఊడ్చావా అంటే, అన్నిటికంటే ఎక్కువ చెత్త అక్కడే ఉందన్నాడు. అప్పుడు సంచి ఉందా అంటే, ఉంటే చీపురుకి తగలదా అని ఎదురడిగాడు. గేటు పక్కన కంచె నడుము ఎత్తే కాబట్టి తెల్లవారుజామున ఎవరైనా దాటి రావచ్చని కూడా అతనే చెప్పాడు.

"మరి సారుకి ఈ మాట చెప్పలేదేం?"

"ఎప్పుడు దొరికిందని అడిగారండీ. ఎప్పుడు లేదని అడగలేదు."

ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. అతనూ డిటెక్టివ్ ఒకప్పుడు ఒకే స్టేషన్‌లో పక్కపక్క కుర్చీల్లో పనిచేసినవాళ్లు. డిటెక్టివ్ ఉద్యోగం వదిలేసినా స్నేహం మిగిలింది. ఎనిమిది నెలల కిందట అదీ తెగింది. మందుల గోడౌన్ కేసులో ఏకైక సాక్షి మాయమైపోయినప్పుడు, ఆమెను కాపాడుకోలేకపోయింది నీ స్టేషనే అని డిటెక్టివ్ పదిమందిలో అనేశాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇవాళే మొదలు.

సంచిని ఎవరో తెచ్చి పెట్టారని తేలినంత మాత్రాన మాస్టారు నీళ్లలో లేరని కాదు, వెతకడం ఆపనని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. అది న్యాయమైన మాటే. డిటెక్టివ్ కెమెరా గురించి అడిగాడు. బ్యాటరీ అయిపోయిందని, అందులో ఏముందో ఇంకా చూడలేదని, అసలు కెమెరా తన దగ్గర లేనే లేదని ఇన్‌స్పెక్టర్ కాస్త నసిగాడు. గుర్తుపట్టడానికి నిన్న స్టేషన్‌కి వచ్చిన మాస్టారి అక్కయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. వెళ్లేటప్పుడు అలాగే పట్టుకుని వెళ్లిపోయిందట. చేతుల్లోంచి లాక్కోవడానికి మనసొప్పలేదట.

"గంట టైమిస్తున్నా. తర్వాత నేనే వచ్చి కెమెరాలోని కార్డు తీసుకెళతా. ఏదైనా చెరిగిపోయిందో, నిన్ను మాత్రం వదలను."

* * *

అక్కయ్యగారికి డెబ్బై రెండేళ్లు. ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. భర్త పోయాక, పెళ్లి చేసుకోని తమ్ముడూ తనూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. డిటెక్టివ్ వెళ్లేసరికి ముందుగదిలో బల్ల మీద శుభ్రంగా తుడిచిన లాప్‌టాప్ ఒకటి, దాని పక్కన చిన్న జిప్పు పర్సు, కాగితం మీద రాసిన పాస్‌వర్డు సిద్ధంగా ఉన్నాయి. కెమెరా మాత్రం ఇంకా ఆమె ఒళ్లోనే ఉంది.

ఛార్జరు కోసం నిన్నటి నుంచి ఇల్లంతా వెతికిందట. ఎక్కడ పెట్టాడో వాడికే తెలియాలి బాబూ, ఈ మధ్య వాడి వస్తువులు వాడికే దొరకడం లేదంది. లాప్‌టాప్ పై వాటాలో అద్దెకుంటున్న అమ్మాయిది. పనికి వెళుతూ ఇచ్చి వెళ్లింది.

పాస్‌వర్డు కొట్టాక తెర వెలిగింది. డిటెక్టివ్ కాసేపు దానివంక చూస్తూ ఉండిపోయాడు. తెర మీద ఒక్క అక్షరం కూడా అతనికి తెలిసింది కాదు.

"ఆ అమ్మాయి ఏదో విదేశీ భాష నేర్చుకుంటోంది" అంది అక్కయ్యగారు. "అలవాటవ్వాలని అన్నీ ఆ భాషలోకి మార్చేసుకుందట. ఫోన్ కూడా అంతే. మొన్న అలారం ఆపడం రాక స్నానాల గదిలో బకెట్టు బోర్లించి దాని కింద పెట్టింది."

డిటెక్టివ్ ఆ అమ్మాయికి ఫోన్ చేశాడు. మోగింది గానీ ఎత్తలేదు. గంటలో పావు వంతు అప్పుడే అయిపోయింది.

ముందు కెమెరా కావాలి. అడగడానికి అతనికి కొంచెం మొహమాటంగా అనిపించింది. ఆమె తనంతట తానే ఒళ్లోంచి తీసి, పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులతో అందించింది. అతను అడుగున మూత తీసి, కార్డు మీద వేలితో నొక్కాడు. అది టిక్కుమని పైకి లేచింది. పంచదార బిస్కెట్టులో పావు వంతు కూడా లేని నల్లటి ముక్క. అంచున ఉన్న బుల్లి మీటను గోటితో కిందికి జరిపాడు.

అదేమిటని ఆమె అడిగింది. తాళం అన్నాడు. ఇక తను ఏ తప్పు మీట నొక్కినా దీంట్లోంచి ఒక్క ఫోటో కూడా చెరగదని చెప్పాడు. ఆ మాటతో ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

లాప్‌టాప్‌కి కార్డు పెట్టే సందు లేదు. పై వాటా అమ్మాయి తెలివైనదే, జిప్పు పర్సులో రీడరు పెట్టింది. కార్డును రీడరులో, రీడరును లాప్‌టాప్‌లో గుచ్చాడు. తెర మూల కొత్త బొమ్మ ఒకటి పుట్టింది. దాన్ని తెరిస్తే ఫోటోలున్న రెండు ఫోల్డర్లు కనిపించాయి. పైన వరుసగా మీటలు, వాటి కింద అర్థం కాని మాటలు. ఒక మీట మీద కత్తెర బొమ్మ, ఇంకో దాని మీద ఒకదాని వెనక ఒకటి రెండు కాగితాల బొమ్మ. రెండు ఫోల్డర్లలోని ఫోటోలన్నీ ఎంచుకుని, కత్తెర జోలికి పోకుండా రెండు కాగితాలు నొక్కి, లాప్‌టాప్‌లో ఒకే చోటికి పంపాడు.

"ఇక్కడికి వస్తే అక్కడ పోతాయా?" అంది ఆమె.

"పోవమ్మా. అక్కడివి అక్కడే ఉంటాయి. ఇక్కడికి వాటి నకలు వస్తుంది."

"లైన్ కలిపినట్టన్నమాట. మాట ఇటు వచ్చినా మనిషి అటే ఉంటాడు."

"అంతే."

ఆకుపచ్చ గీత మెల్లగా పాకడం మొదలుపెట్టింది. ఆమె దానివంకే చూస్తోంది. సగం దాటాక గీత ఆగిపోయింది. తెర మధ్యలో పెట్టె ఒకటి ఊడిపడింది. మూడు వరుసల మాటలు, మూడు మీటలు. వాటిలో ఒకటి అప్పటికే నీలంగా మెరుస్తూ, నన్ను నొక్కు అన్నట్టు ఉంది.

డిటెక్టివ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెట్టెలో రెండు చిన్న బొమ్మలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి కొంగ. రెండోది ఇనుప గేటు. రెండింటి కిందా ఒకే నంబరు. చాలాసేపు చూశాక అర్థమైంది. రెండు ఫోల్డర్లలోనూ ఫోటోలు ఒకటో నంబరు నుంచే మొదలయ్యాయి. తను రెండింటినీ ఒకే చోట పోయబోయాడు. ఆ నీలం మీట నొక్కి ఉంటే కొంగ మీద గేటు కూర్చుని, కొంగ పోయేది.

ఎస్కేప్ నొక్కి అంతా ఆపేశాడు. లాప్‌టాప్‌లో రెండు ఖాళీ ఫోల్డర్లు చేసి, ఒకదాని పేరు 1, రెండో దాని పేరు 2 అని పెట్టాడు. అంకెలకు ఏ భాషా అక్కర్లేదు. ఈసారి ఒక్కో ఫోల్డరునూ విడివిడిగా పంపాడు. గీత చివరిదాకా పాకింది.

మొదటి ఫోల్డరు నిండా పక్షులు. రెండో దాంట్లో ఒక్క పక్షి కూడా లేదు.

మొదటి ఫోటో ఈ ఇంటి గేటు. తర్వాతది వీధి మూల, నీలం రంగు నీళ్ల ట్యాంకు. తర్వాత దర్జీ కొట్టు, ఆ తర్వాత నంబరు రాసిన కరెంటు స్తంభం, ఆఖరున చెరువు గేటు. మర్నాడూ అవే ఐదు ఫోటోలు, అదే వరుసలో. ఆ మర్నాడూ అంతే. ఎవరి మీదైనా నిఘా వేశారా అని డిటెక్టివ్ అనుమానపడ్డాడు. దర్జీ కొట్టు ముందు ఎవరైనా కనిపిస్తారేమోనని ఫోటోను పెద్దది చేసి మూలమూలా వెతికాడు. ఎవరూ లేరు.

అక్కయ్యగారు తెర దగ్గరికి వంగింది.

"బాబూ, ఇవి వెళ్లేటప్పుడు తీసినవేనా?"

ఫోటో మీద కుడి మీట నొక్కి, అంకెలున్న చోటు వెతికి చూశాడు. ఐదూ యాభై రెండు, యాభై ఐదు, ఆరు. వెళ్లేటప్పుడు తీసినవే.

"మరి దర్జీ కొట్టు కుడిచేతివైపు ఉందేం? చెరువుకి వెళుతుంటే ఎడమచేతి వైపు రావాలి. వచ్చేటప్పుడు కదా కుడివైపు కనిపించేది."

 ప్రతి మలుపు దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి తీశారు మాస్టారు. తిరిగి వచ్చేటప్పుడు తన కళ్లకు ఎలా కనబడాలో అలా తీశారు. ఇంటికి దారి మరిచిపోతున్న మనిషి రోజూ పొద్దున్నే ఆ దారిని కెమెరాలో దాచుకుంటున్నాడు.

ఎప్పటి నుంచి అని ఆమె అడిగింది. మొదటి తారీఖు చూసి, ఐదు నెలల నుంచి అని డిటెక్టివ్ చెప్పాడు.

ఆమె ఏడవలేదు. ఐదు నెలల కిందట ఒక రోజు తమ్ముడు గంటన్నర ఆలస్యంగా వచ్చాడని, చల్లారిపోయిన కాఫీ ముందు పెట్టి, మనిషి ఎదురుచూస్తుందన్న జ్ఞానం కూడా లేదా అని కేకలేశానని చెప్పింది. వాడు నవ్వి, ఇవాళ కొత్త పిట్ట కనబడిందక్కా అన్నాడట. ఆ మర్నాటి నుంచి ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యలేదట.

"నాకు చెబితే నేను వెంట వెళ్లేదాన్ని కదా" అంది. "ముప్పై నాలుగేళ్లు ఊరందరి మాటలూ విన్నాను. ఇంట్లో వాడి మాట ఒక్కటి వినబడలేదు చూడు."

డిటెక్టివ్ లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

* * *

చెప్పినట్టే గంటకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నిలబడే తెర చూశాడు. ఫోటోల జాబితా పక్కన తారీఖుల వరుస అతని కంటబడింది. అన్నిటికీ ఇవాళ్టి తారీఖే, అన్నిటికీ పదింపావే.

"ఇదా నీ సాక్ష్యం? మనిషి పోయి రెండు రోజులైతే ఇవన్నీ ఇవాళ తీసినవా?"

"అది నకలు పుట్టిన టైము. ఫోటో పుట్టిన టైము లోపల ఉంటుంది, చూడు" అని డిటెక్టివ్ ఒకదాన్ని తెరిచి చూపించాడు. సోమవారం, ఐదూ యాభై ఒకటి, గేటు. అక్కయ్యగారు చెప్పిన టైముతో నిమిషం తేడాలో సరిపోయింది. కెమెరా గడియారం అబద్ధం చెప్పడం లేదు.

సోమవారం ఫోటోలు వరుసగా తిప్పారు. ఆరూ ఐదుకి చెరువు గేటు. రోజూ అక్కడితో ఆగేవి. ఆ రోజు ఆగలేదు. ఏడూ పది. ఇంతకుముందు ఎప్పుడూ రాని వంతెన. ఏడున్నర. సిమెంటు గోడ. అలా పదకొండు కొత్త మలుపులు, అన్నీ వెనక్కి తిరిగి తీసినవే. ఆఖరిది తొమ్మిదీ పన్నెండుకి. మాస్టారు నీళ్లలో పడ్డారని ఇన్‌స్పెక్టర్ కాగితాల్లో రాసిన టైము ఆరున్నర.

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, పడవ వాళ్లను ఒడ్డుకి రమ్మన్నాడు. డిటెక్టివ్ వంక చూడకుండానే, "సరే, ఒప్పుకుంటున్నా" అన్నాడు.

ఆఖరి ఫోటోలో పాత ఇటుకగోడ మీద రంగు వెలిసిన ప్రకటన ఉంది. కింద ఫోన్ నంబరు. ఆ రోజుల ఐదంకెల నంబరు, అందులో మూడు అంకెలే మిగిలాయి. మూడు, ఏడు, రెండు. మిగతా సున్నం రాలిపోయింది. ఇద్దరు మగవాళ్లూ దాన్ని పట్టించుకోకుండా తర్వాత ఏం చేయాలో మాట్లాడుకుంటుంటే, అక్కయ్యగారు తెర మీద వేలు పెట్టింది.

"ముప్పై ఏడు అంటే మా పాత ఎక్స్‌ఛేంజి. నేను మొదట చేరింది అక్కడే. ఇది కర్రల డిపో వాళ్ల నంబరు. రోజూ పొద్దున్నే లారీల కోసం మొదటి కాల్ వాళ్లదే, నేనే కలిపేదాన్ని."

ఆ డిపో వెనక వీధిలోనే అప్పట్లో తనూ తమ్ముడూ ఒక మేడ మీద గదిలో అద్దెకుండేవాళ్లమని చెప్పింది. తమ్ముడు కాలేజీలో చదివింది ఆ గదిలో ఉండే. నలభై ఏడేళ్లయింది, ఆ వీధి సంగతి తనకే గుర్తు లేదంది. చెప్పి, మళ్లీ ఆ ఫోటో వంక చూసింది.

"వాడు ఇంటికే వెళ్లాడు బాబూ."

ఇన్‌స్పెక్టర్ లేచాడు. ఆ పదకొండు ఫోటోలూ తెర మీంచి తన ఫోన్‌తో తీసుకున్నాడు. వీధిలో ఇళ్లన్నీ గాలించడానికి మనుషులు కావాలని, ఇప్పుడే వెళుతున్నానని చెప్పి వేగంగా బయటికి నడిచాడు. కార్డు సంగతి మరిచిపోయాడు.

అక్కయ్యగారు చెప్పులు వేసుకోవడానికి లోపలికి వెళ్లింది. కార్డు బయటికి తీయబోతున్న డిటెక్టివ్ చెయ్యి ఆగింది. కార్డు బొమ్మ కింద ఎంత నిండిందో చూపించే గీత ఉంది. రెండు ఫోల్డర్లూ కలిపినా దానికి సరిపోవడం లేదు. ఇంకేదో ఉంది. కార్డులో ఇంకో మూల, మామూలుగా ఎవరూ తెరవని ఫోల్డరు లోపల మరో ఫోల్డరు, దాని లోపల ఒకే ఒక్క ఫైలు. ఫోటో కాదు. వీడియో. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై.

ముందు నకలు తీసి, తర్వాత తెరిచాడు.

కదిలిపోతున్న నేల, మంచం కోడు కనిపించాయి. తర్వాత కెమెరా పైకి లేచింది. మంచం మీద పక్షుల మాస్టారు కూర్చుని ఉన్నారు. నుదుటి మీద తెల్లటి గుడ్డ కట్టు, కాలి కింద దిండు. ఫోటో తీస్తున్నాననుకుని వీడియో మీట నొక్కిన ఆడమనిషి గొంతు వినిపించింది. ఇటు చూడండి అయ్యా, మీ ఇల్లెక్కడో గుర్తొచ్చిందా అని అడుగుతోంది. మాస్టారు ఆలోచించి, మా అక్క డ్యూటీ నుంచి వచ్చే వేళయింది, తలుపు గడియ పెట్టకండి అన్నారు.

డిటెక్టివ్ వెనక నుంచి చిన్న శబ్దం వచ్చింది. అక్కయ్యగారు ఒక కాలికి చెప్పుతో నిలబడి ఉంది.

"ఇంకోసారి పెట్టు బాబూ."

పెట్టాడు. మూడోసారి ఆమె అడగకుండానే పెట్టాడు. అప్పుడే మాస్టారి వెనకనున్న బీరువా అద్దం మీద అతని చూపు పడింది. అద్దంలో కెమెరా పట్టుకున్న ఆడమనిషి, ముప్పై ఏళ్లుంటాయి, ఎడమ కనుబొమను చీల్చిన పాత గాటు. ఆ ముఖాన్ని డిటెక్టివ్ ఎనిమిది నెలలుగా పాస్‌పోర్టు ఫోటోలో చూస్తున్నాడు.

మందుల గోడౌన్‌లో ప్యాకింగ్ చేసిన మనిషి. గడువు దాటిన మందుల మీద కొత్త తారీఖులు అంటిస్తున్నారని, వాటితో నలుగురు పిల్లలు పోయారని స్టేట్‌మెంట్ ఇచ్చిన ఏకైక సాక్షి. ఇచ్చిన మర్నాడే ఆ స్టేట్‌మెంట్ కాపీ చేత్తో పట్టుకుని ఎవరో ఆమె ఇంటి తలుపు తట్టారు. కాపీ బయటికి వచ్చింది స్టేషన్ నుంచే. ఎవరిచ్చారో ఇప్పటికీ తేలలేదు. ఆ రాత్రే ఆమె మాయమైంది. చంపేశారని అందరూ అనుకున్నారు. కేసు విచారణ వచ్చే సోమవారం.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాడు.

"ఆ ఫోటోలు ఎవరికి చూపించావు?"

"స్టేషన్ గ్రూపులో పెట్టాను. వీధి పేరుతో సహా. ఎందుకు?"

"మాస్టారు బతికే ఉన్నారు. ఆయన్ని చూసుకుంటున్నది గోడౌన్ అమ్మాయి."

 ఇన్‌స్పెక్టర్ గొంతు మారిపోయింది. గ్రూపులో ఇరవై ఆరు మంది ఉన్నారన్నాడు. ముసలాయన ఆసుపత్రిలో దొరికాడు, అందరూ వెనక్కి వచ్చేయండని ఇప్పుడే పెడతానన్నాడు. తర్వాత నెమ్మదిగా, "నేనొక్కడినే వస్తాను. ఎవరికీ చెప్పను" అన్నాడు.

* * *

డిటెక్టివ్ కారు తోలుతుంటే అక్కయ్యగారు పక్క సీట్లో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మలుపులు చెప్పింది. ఫోటోలో కుడివైపున్నది ఎడమవైపుకి మార్చి చెప్పాలన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పదకొండు మలుపుల్లో ఒక్కటీ తప్పలేదు.

ఇరుకైన మెట్లెక్కి, అక్కయ్యగారు తలుపు మీద చెయ్యి వేసింది. లోపల అలికిడి ఆగిపోయింది. ఆమె తమ్ముణ్ని పిలవలేదు. "నేనే, డ్యూటీ అయిపోయింది" అంది.

లోపల కర్ర చప్పుడు, కాలు ఈడుస్తూ నడుస్తున్న చప్పుడు. వద్దు వద్దంటున్న ఆడ గొంతు. గడియ తీసిన చప్పుడు.

మాస్టారు అక్కను తేరిపార చూశారు. ఆమె నెరిసిన జుట్టు చూసి కొంచెం తికమకపడ్డారు. తర్వాత ఆమె చేతులు చూశారు. ఆ చేతులు గుర్తుపట్టారు.

"ఆలస్యమైందేం అక్కా?"

"లైన్లు కలవలేదురా" అంది ఆమె. అని, తమ్ముడి నుదుటి కట్టు మీద వేళ్లు ఆనించి, అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. ఆయన కూడా కష్టపడి పక్కన కూర్చున్నారు. ఆమె ఎందుకు ఏడుస్తోందో ఆయనకు అర్థం కాలేదు. అయినా పైపంచెతో అక్క కళ్లు తుడిచారు.

గోడౌన్ అమ్మాయి బీరువాకి ఆనుకుని నిలబడి ఉంది. డిటెక్టివ్ తనెవరో చెప్పాడు. పారిపోవడానికి ఆమె ప్రయత్నించలేదు. సోమవారం పొద్దున ఈ పెద్దాయన మెట్లెక్కి వచ్చి, ఇది మా గది అన్నారట. వెనక్కి తిరగబోయి పడిపోయారట. నుదురు చిట్లింది, మడమ వాచింది. ఆసుపత్రికి తీసుకెళితే పేర్లు రాయాలి. మందుల చీటీ కూడా తన పేరుతో రాయించుకునే పరిస్థితి కాదు. కెమెరాలో ఫోటోలు వెనక నుంచి ముందుకి చూసుకుంటూ, మంగళవారం చీకటితోనే ఆయన ఇంట్లో కబురు చెప్పడానికి ఒంటరిగా బయలుదేరింది. చెరువు దాకా వచ్చింది. అప్పటికి తెల్లారింది. ఇంకా నాలుగు మలుపులున్నాయి. కాపలాదారు యూనిఫాం చూసి పోలీసనుకుంది. కంచె పక్కనున్న బెంచీ కింద సంచి వదిలేసి వచ్చేసింది.

"ఎవరో ఒకరు చూస్తారనుకున్నాను. చూస్తే నా దాకా వస్తారనీ తెలుసు."

తెలిసీ ఎందుకు పెట్టావని డిటెక్టివ్ అడిగాడు. ఆమె గడప మీది అక్కాతమ్ముళ్లవైపు చూసింది.

"గంటకోసారి నా పేరు అడుగుతారండీ. ఎనిమిది నెలల్లో ఐదు పేర్లు మార్చాను. ఈయన ఎలాగూ మరిచిపోతారు కదా అని మొదటిసారి అసలు పేరు చెప్పాను. గంట తర్వాత మళ్లీ అడిగారు. మళ్లీ చెప్పాను. మూడు రోజుల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇప్పుడు ఇంకో పేరు చెప్పాలంటే నోరు రావడం లేదు. సోమవారం కోర్టుకి వస్తాను. అక్కడా అదే పేరు చెబుతాను."

గడప మీంచి మాస్టారు తలెత్తి, చాలా మర్యాదగా, అమ్మాయ్ నీ పేరేమన్నావు అని అడిగారు. ఆమె చెప్పింది. మంచి పేరన్నారు.

కింద వీధి తలుపు కిర్రుమంది. ఒక్కడే వస్తానన్న ఇన్‌స్పెక్టర్ వచ్చాడని డిటెక్టివ్ వాళ్లకు ధైర్యం చెప్పాడు. మెట్ల మీద అడుగులు మొదలయ్యాయి. గోడౌన్ అమ్మాయి కదలకుండా వింటోంది. ఎనిమిది నెలలుగా మెట్ల మీది అడుగులు వింటూ బతికిన మనిషి.  వంగి అక్కాతమ్ముళ్లను భుజాలు పట్టి లోపలికి లాగి, తలుపు గడియ పెట్టి, డిటెక్టివ్ వైపు రెండు వేళ్లు చూపించింది.

వస్తున్నది ఒక్కరు కాదు.